పై గాలి, కింది గాలి

మార్చి 10

నిన్న జరిగింది వరసగా రాసి పెట్టుకుంటున్నాను. మరిచిపోతానని కాదు. వరస తప్పుతుందేమోనని.

ఉదయం ఏడింటికి ఆసుపత్రికి వెళ్ళాను. రాత్రి మీ ఆవిడ నొప్పి లేకుండా పడుకుందని నర్సు చెప్పింది. బెర్నీ మంచం కిటికీ వైపు తిప్పి ఉంది. టీ వద్దంది. తొమ్మిదికి డాక్టరు వచ్చి మందు పెంచింది. పదిన్నర దాకా నిద్ర. లేచాక మాట తేటగా ఉంది. వాన తగ్గిందా అని అడిగింది. లేదన్నాను. తన మంచి గొడుగు తనతో పనిచేసే పాలీన్‌కి ఇమ్మంది. సరేనన్నాను.

పదకొండు దాటాక విమానాల ఫ్యాక్టరీ మైదానం వైపు ఒక విమానం దిగింది. పరీక్ష కోసం ఎగరేసే వాటిలో ఒకటి. బెర్నీ దాన్ని చివరిదాకా చూసి, "అందులో నా రివెట్లు ఉండే ఉంటాయి" అంది.

తనని మాట్లాడించాలని అడిగాను. "అసలది గాల్లో ఎలా నిలబడుతుంది?"

"ఇరవయ్యారేళ్ళుగా రెక్కల్లో దూరి పని చేస్తున్నాను. ఇప్పుడా అడగడం, పుస్తకాలాయనా" అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. తగ్గాక చెప్పింది.

దుప్పటి మీద అరచెయ్యి బోర్లించి వేళ్ళు కొంచెం వంచింది. "ఇది రెక్క. ఎదురొచ్చిన గాలి ఇక్కడ, ముందంచు దగ్గర రెండుగా చీలుతుంది. సగం పైనుంచి, సగం కిందనుంచి. వెనకంచు దగ్గర రెండూ ఒకేసారి వచ్చి కలవాలి. పై దారి వంపు, దూరమెక్కువ. అందుకని పైది పరిగెత్తాలి. పరిగెత్తే గాలికి నొక్కే బలం తగ్గుతుంది. కిందది నింపాదిగా నడుస్తూ రెక్కని పైకి నెడుతుంది. అంతే. అర్థమైందా?"

"అర్థమైంది" అన్నాను.

అర్థం కాలేదు. రెండూ ఒకేసారి ఎందుకు కలవాలని అడగాల్సింది. అడిగితే మళ్ళీ మొదటినుంచి చెబుతుంది, అలసిపోతుంది అనుకున్నాను.

పన్నెండున్నరకు కళ్ళు మూసుకుంది. మర్నాటి భోజనం కార్డు ఇచ్చి వెళ్ళారు. కోడి సూపు దగ్గర టిక్కు పెట్టాను. తర్వాత పండా, కస్టర్డా అని ఉంది. కస్టర్డ్ దగ్గర పెన్ను ఆనించాను. నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. రెండు ఇరవై.

ఇంటికి బస్సులో వచ్చాను. కారు అక్కడుందన్న సంగతి గుర్తు రాలేదు.

మార్చి 11

వెళ్ళి కారు తెచ్చాను.

మార్చి 22

నిన్న అంత్యక్రియలు. చర్చిలో వెనక వరసలన్నీ ఫ్యాక్టరీ వాళ్ళే.

పాలీన్, బెర్నీ ఒక జత. బెర్నీ చిన్న మనిషి కాబట్టి రెక్క లోపలికి దూరి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకునేది. పాలీన్ బయటినుంచి గన్నుతో రివెట్టు కొట్టేది. ఒకరికొకరు కనబడరు, ఆ రొదలో మాటా వినబడదు. రేకు మీద తట్టి చెప్పుకోవాలి. ఒక దెబ్బ అంటే మళ్ళీ కొట్టు. రెండంటే సరిగ్గా కూర్చుంది. మూడంటే ఆగు, బయటికొస్తున్నాను.

పాలీన్ శవపేటిక దగ్గర ఆగి వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది.

గొడుగు తీసుకెళ్ళడం మరిచిపోయాను.

జూన్ 4

లైబ్రరీ నుంచి నాలుగు పుస్తకాలు. మూడు పిల్లలవి. మూడూ బెర్నీ చెప్పినట్టే చెబుతున్నాయి. రెండు గాలులూ ఒకేసారి ఎందుకు కలవాలో ఏదీ చెప్పదు. నాలుగోది పెద్దవాళ్ళది. మూడో పేజీలో లెక్కల గుర్తులు మొదలయ్యాయి. ముప్పై మూడేళ్ళు జిల్లా రికార్డాఫీసులో పాత దస్తావేజులు చదివాను. నా చేతికొచ్చి నేను చదవలేకపోయిన రాత లేదు. ఇది చదవలేకపోయాను.

జూన్ 5

ఆ పేజీ మళ్ళీ చూశాను. అర్థం కాలేదు.

ఆగస్టు 16

పన్నెండో తరగతి ఫలితాలొచ్చే రోజు. మిగిలిపోయిన సీట్ల కోసం ఈ రోజంతా ఊళ్ళో పిల్లలు యూనివర్సిటీలకి ఫోన్లు చేస్తారు. నేనూ చేశాను. అరగంట సంగీతం విన్నాక ఒకమ్మాయి ఎత్తింది.

"ఏ కోర్సు సార్?"

"ఏరోస్పేస్ ఇంజినీరింగ్."

"మీ అబ్బాయికా, అమ్మాయికా?"

"నాకే."

కాసేపు కీబోర్డు చప్పుడు. "లెక్కల్లో గ్రేడు?"

"సి."

"ఎప్పుడు రాశారు?"

"డెబ్బై ఆరు."

"శాతం కాదు సార్, ఏ సంవత్సరంలో అని అడుగుతున్నా."

"పంతొమ్మిది వందల డెబ్బై ఆరు."

"ఓ" అని, "మా అమ్మ పుట్టిన ఏడాది" అని, "ఒక్క నిమిషం ఉండండి" అంది. నేరుగా డిగ్రీలోకి కుదరదట, చరిత్ర డిగ్రీ ఇక్కడ పనికి రాదట. ముందు ఫౌండేషన్ ఇయర్ చేయాలి. ఆ ఏడాది చూసుకునే డాక్టర్ ప్రోసర్‌కి కలిపింది. వేల్స్ మనిషి, మాట పాటలా సాగుతుంది.

"ఎందుకు చేరాలనుకుంటున్నారు, మిస్టర్ రిగ్బీ?"

"ఒక ప్రశ్న ఉంది."

"ఒక్క ప్రశ్నకి నాలుగేళ్ళా?"

"లైబ్రరీలో దొరకలేదు."

నవ్వాడు. తర్వాత నవ్వకుండా చెప్పాడు. ఫౌండేషన్ ఇయర్లో విమానాలుండవు. లెక్కలు, భౌతికశాస్త్రం, ల్యాబు. ప్రతి దాంట్లో అరవై రావాలి. వస్తేనే డిగ్రీ మొదటి సంవత్సరం. యాభై తొమ్మిది వస్తే చెయ్యి కలిపి పంపించేస్తారు. రెక్క ఎలా పని చేస్తుందనేది మొదటి సంవత్సరంలో మొదలవుతుంది.

"రెక్క సంగతని నేను చెప్పలేదే" అన్నాను.

"ఒక్క ప్రశ్నతో వచ్చేవాళ్ళందరిదీ అదే" అన్నాడు.

సీటు ఇచ్చారు.

సెప్టెంబర్ 24

మొదటి క్లాసు. నలభై ఒక్క మంది. నేను తప్ప అందరికీ పద్దెనిమిది, పంతొమ్మిది. గదిలోకి వెళ్ళగానే ముందు బెంచీ వాళ్ళు నోట్సు తెరిచారు, నేనే పాఠం చెప్పేవాణ్ణి అనుకుని. వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. అప్పుడు నవ్వారు.

పక్కన సుమయ్యా పటేల్. బ్లాక్‌బర్న్ నుంచి రైల్లో వస్తుంది. భౌతికశాస్త్రంలో మార్కులు తగ్గి ఇటు వచ్చింది. "మిమ్మల్ని పేరు పెట్టి పిలవడం నావల్ల కాదు. అంకుల్ అంటాను, ఏమనుకోకండి" అంది. ఏమీ అనుకోలేదు.

ఒక్కొక్కరూ లేచి పరిచయం చేసుకోవాలన్నారు. నా వంతు వచ్చింది. పేరు చెప్పాను. ఇంకేదైనా చెప్పమన్నాడు ప్రోసర్. "మా ఆవిడ విమానం రెక్కలు బిగిస్తుంది" అన్నాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"బిగించేది" అనాల్సింది. సరిదిద్దేలోపు సుమయ్యా లేచింది.

అక్టోబర్ 3

సరిదిద్దడానికి సందర్భం రాలేదు.

అక్టోబర్ 12

కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లలో కొలవాలట. ఎందుకో రెండు రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. వృత్తానికి మూడువందల అరవై ఎవరు పెట్టారంటే ఎప్పటివాళ్ళో పెట్టారు, అది నాకు అర్థమవుతుంది. ఈ రేడియన్ ఎవరూ పెట్టింది కాదట, వృత్తంలోనే ఉందట.

మధ్యాహ్నం క్యాంటీన్లో సుమయ్యా నా పళ్ళెం తన వైపు లాక్కుంది. శుక్రవారం మాంసం తినను కాబట్టి బంగాళాదుంపలు కూరిన 'పై' రొట్టె కొన్నాను, గుండ్రటిది.

"కత్తి ఇవ్వండి. ఇది నడిమధ్య. ఇక్కణ్ణుంచి అంచుకి ఒక గీత. ఇది వ్యాసార్థం. సరేనా? ఇప్పుడు ఇంతే పొడుగు అంచు వెంట నడవండి. కొలిచి నడవాలి, మోసం చెయ్యొద్దు. ఆగండి. ఇక్కణ్ణుంచి మళ్ళీ మధ్యకి కొయ్యండి. ఈ ముక్కకి రెండు పక్కలూ, గుండ్రటి అంచూ, మూడూ ఒకే పొడుగు. ఈ ముక్క మొన దగ్గరున్న కోణమే ఒక రేడియన్. ఎవడో పెద్దమనిషి వచ్చి పెట్టక్కర్లేదు. రొట్టె ఏ సైజుదైనా ఇంతే."

అని ఆ ముక్క తినేసింది.

ఇంటికొచ్చి పళ్ళెం బోర్లించి, దారంతో కొలిచి చూశాను. నిజమే. సాసర్‌కీ నిజమే. బకెట్‌కీ. ఇంట్లో గుండ్రంగా ఉన్నవన్నీ కొలిచాను. చాలాకాలం తర్వాత భోజనం వేళ దాటిపోయింది, గమనించలేదు.

అక్టోబర్ 19

సుమయ్యా డబ్బా తెచ్చింది. వాళ్ళమ్మ చేసిన సమోసాలు. "సగం మీకు, సగం ఆంటీకి. మీరే మింగేశారంటే నాకు తెలిసిపోతుంది" అంది.

అక్టోబర్ 22

డబ్బా కడిగి ఇచ్చాను. ఆంటీ ఏమన్నారని అడిగింది. కారం సరిపోయిందన్నారని చెప్పాను.

నవంబర్ 14

క్లాసయ్యాక ప్రోసర్ని ఆపి అడిగాను. రెక్క ముందు చీలిన గాలి వెనక ఒకేసారి ఎందుకు కలవాలి అని.

నా వైపు ఒకలా చూశాడు. "కలవాలని ఎవరు చెప్పారు?"

"ఇంట్లో."

"ఫిబ్రవరిలో ల్యాబుంది. చూద్దురుగాని. అది చూడ్డానికే. ఎందుకు అన్నది మాత్రం మొదటి సంవత్సరం."

ఎందుకు అన్నది ఎప్పుడూ మొదటి సంవత్సరమే.

జనవరి 18

లెక్కలు 64. భౌతికశాస్త్రం రాతపరీక్ష 58. ల్యాబు మార్కు కలిపితే అరవై దాటొచ్చు. సుమయ్యాకు 71, 57. ఇద్దరికీ ల్యాబే దిక్కు. ల్యాబు ఇద్దరిద్దరు కలిసి చేయాలి, ఒకే రిపోర్టు, ఒకే మార్కు.

"నాతో చేస్తారా?" అంది. "మీరు తెల్లకాగితం మీద కూడా గీతలున్నట్టు రాస్తారు. రాత మీది, కళ్ళు నావి."

సరేనన్నాను. నన్నూ ఇంకెవరూ అడగలేదు.

ఫిబ్రవరి 6

ల్యాబు.

ముందు ప్రోసర్ బోర్డు మీద రెక్క బొమ్మ వేసి, చీలిన గాలికి రెండు బాణాలు గీసి, వెనకంచు దగ్గర కలిపాడు. "ఇలాగని ఎంతమందికి చెప్పారు?" సగం మంది చేతులెత్తారు. నేను ఎత్తలేదు.

"చెప్పినవాళ్ళు మంచివాళ్ళే. కానీ తప్పు చెప్పారు. ఒకేసారి కలవాలని ఆ గాలులు ఏమన్నా కాగితం రాసుకున్నాయా? విడిపోయాక ఒకదాని సంగతి ఒకదానికి తెలియను కూడా తెలియదు." క్లాసు నవ్వింది. సుమయ్యా కూడా.

తర్వాత గాలి సొరంగం. బల్లంత పొడుగు గాజు పెట్టె, ఒక చివర ఫ్యాను, మధ్యలో అరచెయ్యి వెడల్పు రెక్క. ముందునుంచి పొగని గుక్కలు గుక్కలుగా వదులుతారు. కెమెరా దాన్ని ముక్కలు ముక్కలుగా పట్టుకుంటుంది. ఒక్కో బొమ్మ చూసి ఎంతసేపట్లో పొగ వెనకంచుకి చేరిందో చదవాలి. సెకనులో వెయ్యో వంతుల లెక్క.

సుమయ్యా తెర మీద చదివింది, నేను ల్యాబు పుస్తకంలో పెన్సిలుతో రాశాను.

"పైది ఇరవై నాలుగు. కిందది... ఆగండి, ఇంకా రాలేదు. చూడండి అంకుల్, ఇది బయటికి కూడా వెళ్ళిపోయింది, అదింకా రెక్క కిందే పాకుతోంది. ముప్పై ఆరు. రాశారా?"

"రాశాను."

"మళ్ళీ. ఇరవై నాలుగు. ముప్పై అయిదు."

పన్నెండుసార్లు. పై పొగ ప్రతిసారీ ముందే వెళ్ళిపోయింది. కింది పొగ వచ్చేసరికి అక్కడ అది లేదు.

ఫిబ్రవరి 7

పన్నెండుసార్లూ.

ఫిబ్రవరి 13

పాలీన్ ఇంటికి వెళ్ళాను. గొడుగు ఇచ్చాను. తెరిచి చూసి, మూసి, కుర్చీకి తగిలించింది.

రెక్క సంగతి బెర్నీకి ఎవరు చెప్పారని అడిగాను.

"మా మేస్త్రీ. చేరిన వారంలోనే సుద్దముక్కతో నేల మీద గీసి చెప్పాడు. ఇద్దరక్కచెల్లెళ్ళు ఒక గుమ్మంలోంచి బయల్దేరారు, ఒకతి గుట్టెక్కి, ఒకతి రోడ్డు మీద. టీ వేళకి ఇద్దరూ ఇంటికి చేరాలి. గుట్ట ఎక్కినది పరిగెత్తక ఏం చేస్తుంది? బెర్నీకి ఆ కథ బాగా నచ్చింది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ తనే చెప్పేది."

"అది తప్పట పాలీన్. మిషన్ మీద చూపించారు."

"అయితే?"

"ఏం లేదు. తప్పు అని."

"మేం బిగించింది ఒక్కటి పడిందా?"

"లేదు."

"మరి? మీ కాలేజీవాళ్ళకి చెప్పు, రెక్కలో పడుకుని దిమ్మ పట్టుకున్నదానికి గాలి ఎటు పోతే ఏంటట. దానికి గాలే ఆడదు లోపల." నవ్వింది. తర్వాత అడిగింది, "నువ్వెందుకు మొహం అలా పెట్టావు?"

మామూలుగానే ఉన్నానన్నాను.

ఫిబ్రవరి 21

రిపోర్టులో పట్టిక టైపు చేశాను. కింది వరసలో అంకెలు సరిగ్గా కనబడలేదు, పెన్సిలు మసక. దగ్గరగా అనిపించినవి వేశాను. ముగింపులో, రెండు పొగలూ దాదాపు ఒకే సమయంలో చేరినట్టు తేలిందని రాశాను. వాక్యం బాగా కుదిరింది.

ఫిబ్రవరి 22

సుమయ్యా స్టేషన్‌కి పరిగెడుతూ మొదటి పేజీ మీద సంతకం పెట్టింది. చదవమన్నాను. "మీరు రాసింది నేను చూడ్డమేంటి అంకుల్, ఫుల్‌స్టాపులు కూడా రెండుసార్లు కడిగి పెడతారు" అంది. ఇచ్చేశాను.

ఫిబ్రవరి 27

పెన్సిలు మసకగా లేదు.

మార్చి 7

ప్రోసర్ ఇద్దరికీ ఈమెయిల్ పంపాడు. పట్టికలో అంకెలు కెమెరాలో ఉన్నవాటితో కలవడం లేదు. మంగళవారం ఉదయం తొమ్మిదికి ఇద్దరూ తన గదికి రావాలి. నమ్మదగిన కారణం లేకపోతే కమిటీకి వెళుతుంది. అంకెలు కావాలని మార్చినట్టు తేలితే ల్యాబుకి సున్నా. సంతకం పెట్టినవాళ్ళిద్దరికీ.

సున్నా అంటే అరవై రాదు. అరవై రాకపోతే మొదటి సంవత్సరం లేదు. నాకూ, సుమయ్యాకూ.

సుమయ్యా క్యాంటీన్లో నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఫోను నా పళ్ళెం పక్కన పెట్టింది.

"చదివారా?"

"చదివాను."

"కింది వరసలో ఇరవై అయిదు, ఇరవై నాలుగు, ఇరవై ఆరు. నేను చదివింది ముప్పై ఆరు, ముప్పై అయిదు, ముప్పై ఏడు. ఈ నోటితో చదివాను. మీరు రాశారు. మధ్యలో దయ్యం వచ్చి మార్చిందా?"

"నేనే మార్చాను."

"కావాలనే?"

ఫోను ఆమె వైపు జరిపాను.

"అంకుల్, మార్కుల కోసం కాపీ కొట్టేవాళ్ళని బోలెడు మందిని చూశాను. చేతిలో ఉన్న సరైన జవాబు కొట్టేసి, తప్పు జవాబు దొంగతనంగా పెట్టేవాణ్ణి మిమ్మల్నే చూడ్డం. ఎవరైనా చేస్తారా ఈ పని?" గొంతు పెరిగింది. పక్క బల్లవాళ్ళు చూశారు. గొంతు తగ్గించింది. "మా నాన్నది ఒకటే మాట. ఒక్క ఏడాది. డిగ్రీలోకి వస్తే సరే, లేకపోతే లెస్టర్లో ఫార్మసీ, మేనత్త ఇంట్లో ఉండి. నేను ఎంత గింజుకుంటే ఈ ఏడాది ఇచ్చాడో మీకు తెలుసు. చెప్పాను కదా."

"చెప్పావు."

"మరెందుకు?"

"మా ఆవిడ అలా చెప్పింది. రెండూ కలుస్తాయని."

నన్ను నమ్మలేనట్టు చూసింది. "ఆంటీ చెప్తే? మిషన్ చూపించింది కదా. ఇంటికెళ్ళి ఆవిడతో అనాల్సింది, అలా కాదట అని."

"అనలేకపోయాను."

"అంత భయమా ఆవిడంటే?"

"భయం కాదు."

"మరేంటి?"

చెప్పడానికి నోరు తెరిచాను. క్యాంటీన్లో అందరూ తింటున్నారు. ఆమె ఇంకాసేపు చూసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. చిప్స్ అలాగే ఉండిపోయాయి.

మార్చి 9

ఇవాళ తొమ్మిది, ఏడాదైంది. పాలీన్ వచ్చింది. టీ తాగి వెళ్ళింది. తేదీ గురించి ఇద్దరం మాట్లాడలేదు.

మార్చి 10

ప్రోసర్‌కి చెప్పదగిన కారణాలు ఆలోచించాను. కళ్ళజోడు మార్చుకోవాల్సి ఉంది, అది నిజమే. వరసలు తారుమారయ్యాయని అనొచ్చు. టైపు చేసేటప్పుడు పై వరసే రెండుసార్లు కొట్టానని అనొచ్చు. ఇది బాగానే ఉంది. నమ్ముతాడు. ఇద్దరికీ సున్నా తప్పుతుంది. చేతిరాతలో ఇలాంటి పొరపాట్లు పట్టుకునే ఉద్యోగంలో ముప్పై మూడేళ్ళు ఉన్నాను. నమ్మేలా ఎలా చేయాలో తెలుసు.

తర్వాత ముగింపు గుర్తొచ్చింది. పట్టిక పొరపాటైతే ముగింపు వాక్యం ఎవరు రాసినట్టు?

మార్చి 11

సాయంత్రం ఆరింటికి సుమయ్యా ఫోన్ చేసింది. నాలుగు రోజులుగా మాట్లాడలేదు.

"ఆలోచించాను. రేపు నేను చెప్తాను, తెర మీద తప్పు చదివానని. కింది పొగకి బదులు పై పొగే రెండుసార్లు చూశానని. మీరు నేను చదివింది రాశారు, అంతే. పొరపాటుకి సున్నా వెయ్యరు, మార్కులు తగ్గిస్తారు."

"ల్యాబు పుస్తకంలో అసలు అంకెలున్నాయి సుమయ్యా."

"పుస్తకం పోయిందని చెప్పండి."

"పోలేదు."

"అబ్బా. మీకు అబద్ధం ఆడటం కూడా రాదు. మీరు టైపు చేశారని చెప్తే మిమ్మల్ని వదలరు. నాకు ఫార్మసీ అయినా ఉంది. మాత్రలు లెక్కపెట్టుకుంటూ బతుకుతాను. మీకేముంది? ఈ వయసులో మళ్ళీ ఎవరు తీసుకుంటారు? పళ్ళేన్ని దారంతో కొలిచానని వచ్చి చెప్పారు చూడండి, ఆ రోజు మీ మొహం చూశాను. అది గుర్తొచ్చింది, అందుకని."

"అలా చెప్పొద్దు."

"ఎందుకు చెప్పొద్దు?"

"నువ్వు సరిగ్గా చదివావు."

ఊపిరి వదిలింది. "మీతో లాభం లేదు. ఆంటీకి ఇవ్వండి ఫోను. ఆవిడతో మాట్లాడతాను. మీ ఆయన ఇలా మొండికేశాడు, కాస్త చెప్పండి అని."

"ఆవిడ లేదు" అన్నాను.

"వచ్చాక చేయమనండి. పది దాకా మేలుకునే ఉంటాను" అని పెట్టేసింది.

ఏడాదిలో మొదటిసారి చెప్పాననుకున్నాను. చెప్పలేదన్నమాట.

ఇప్పుడు ఎనిమిది. ల్యాబు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఆరు, ముప్పై అయిదు, ముప్పై ఏడు. నా రాతే. ఎంత స్పష్టంగా రాశానో. అవి రాసేటప్పుడే తెలుసు నాకు, టైపు చేసే రోజు వేరే అంకెలు వేస్తానని. లేదు, తెలియదు. పదకొండోసారి పొగ వదిలినప్పుడు తెలిసింది. అప్పటిదాకా ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ ఉన్నాను.

మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకం కొని పెట్టుకున్నాను, క్రిస్మస్ అప్పుడు. జూన్‌లో మూడో పేజీ దగ్గర ఆగిపోయిన ఆ గుర్తులు ఇప్పుడు చదవగలుగుతున్నాను. నలభయ్యో పేజీ దాకా వచ్చాను. పై గాలి ఎందుకు ముందు వెళుతుందో అక్కడా ఇంకా చెప్పలేదు. తర్వాతి అధ్యాయం అంటున్నారు. క్లాసులో ఎవరైనా చెబితేగాని అది దాటలేను.

సుమయ్యాకు మెసేజ్ పెట్టాను. రేపు తొమ్మిదికి కాక తొమ్మిదిన్నరకు రమ్మన్నాను. ప్రోసర్ మార్చాడా అని అడిగింది. నేనే మార్చానన్నాను. మళ్ళీ మార్చారా అంది.

రేపు ఉదయం ఏడు నలభై బస్సుకి వెళతాను. ఎనిమిదిన్నరకు ప్రోసర్ గది తలుపు కొడతాను. ల్యాబు పుస్తకం ఇచ్చి, చదివింది సుమయ్యా, సరిగ్గా చదివింది, టైపు చేసింది నేను, కావాలని మార్చింది నేను, ఆమె చూడకుండా సంతకం పెట్టింది అని చెబుతాను. ఇదే కాగితం మీద కూడా రాసి సంతకం పెట్టి తీసుకెళుతున్నాను. ఎందుకు మార్చారని అడుగుతాడు. మా ఆవిడ బెర్నడెట్ పోయిన ఏడాది మార్చి తొమ్మిదిన చనిపోయిందని చెబుతాను. సాకుగా కాదు. అడిగాడు కాబట్టి. తర్వాత బయటికొచ్చి సుమయ్యాకూ అదే మాటతో చెబుతాను. లేదు అని కాదు.

పదకొండింటికి లెక్కల క్లాసుంది. రానిస్తే వెళ్ళి కూర్చుంటాను.